నవోదయ నుంచి ఇడుపులపాయ దాకా: సర్కారు సీటుకు పోటీ ఎవరెవరి మధ్య?

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో నాలుగో తరగతో ఐదో తరగతో చదివే పిల్లకు సర్కారు నడిపే మంచి బడిలో సీటు దొరకడానికి దారులు చాలానే ఉన్నాయి. ఎమ్మిగనూరు పక్కన బనవాసిలో నవోదయ ఉంది. ఐదో తరగతిలో చేర్చుకునే గురుకులాలున్నాయి. మండలంలో ఆదర్శ పాఠశాల ఉంటే ఆరో తరగతికి అక్కడ పరీక్ష రాయొచ్చు. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. ఇవేవీ అందకపోయినా జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఉండి పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటే కడప జిల్లా ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. అన్నీ జనం పన్నుల డబ్బుతో నడిచేవే, అన్నిచోట్లా సీట్లు తక్కువే. పిల్లల్ని ఏరుకునే పద్ధతి మాత్రం ఒక్కోచోట ఒక్కో రకం. ఒకరు బొమ్మల ప్రశ్నలు ఇస్తారు, ఇంకొకరు ఆదాయ ధ్రువపత్రం అడుగుతారు, మరొకరు తల్లీతండ్రీ లేని పిల్లకు ముందు చోటిస్తారు, ఇంకొకరు పదో తరగతి మార్కులకు కొన్ని కలిపి చూస్తారు.

ఈ పద్ధతుల్లో ఏది న్యాయం అన్న చర్చ వస్తే సాధారణంగా అది పరీక్ష ఉండాలా వద్దా అన్న దగ్గర ఆగిపోతుంది. పరీక్ష ఉంటే ప్రతిభకు విలువ, లేకపోతే సిఫార్సులకు దారి అని ఒక వర్గం. పరీక్ష పెడితే కోచింగ్ కొనుక్కున్నవాడిదే సీటు అని మరో వర్గం. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది వేరే విషయం: ఈ పిల్లను ఏ పిల్లలతో పోల్చుతున్నారు? ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో చదివిన పిల్లను ఆ చుట్టుపక్కల అలాంటి బడుల పిల్లలతో పోల్చితే ఒక జాబితా వస్తుంది. జిల్లా అంతటినీ ఒకే వరసలో నిలబెడితే మరో జాబితా వస్తుంది. ప్రశ్నపత్రం ఒకటే అయినా సీట్లు వేరేవాళ్లకు పోతాయి.

బొమ్మలకు యాభై మార్కులు

నవోదయలు 1986 జాతీయ విద్యావిధానంతో దేశమంతటా విస్తరించాయి. ఇంటి ఆర్థిక స్థితితో పని లేకుండా పల్లెల్లోని తెలివైన పిల్లలకు మంచి చదువు అందించాలన్నది వాటి ఉద్దేశం. ఆరో తరగతిలో 80 సీట్లుంటే కనీసం 75 శాతం, అంటే 60, గ్రామీణ విద్యార్థులవి. మూడోవంతు ఆడపిల్లలకు ఇవ్వాలి. ఎస్సీలకు కనీసం 15, ఎస్టీలకు కనీసం ఏడున్నర శాతం ఉంటుంది. జిల్లా జనాభాలో వాళ్ల వాటా ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది. 2021 నుంచి ఓబీసీలకు 27 శాతం చేరింది. దరఖాస్తుకు రుసుము లేదు. తప్పు జవాబుకు కోత లేదు. తెలుగులో రాయొచ్చు, ఉర్దూలో రాయొచ్చు. నియమావళి చదివినవారికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

పరీక్ష రెండు గంటలు. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందులో సగం, అంటే 40 ప్రశ్నలు, 50 మార్కులు, మేధాశక్తి విభాగానివి. అన్నీ బొమ్మలే. తేడాగా ఉన్న బొమ్మ ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, మడిచి రంధ్రం చేసిన కాగితం విప్పితే ఎలా ఉంటుంది వంటి పది రకాలు, రకానికి నాలుగు ప్రశ్నల చొప్పున. మిగతా సగం లెక్కలకు, భాషకు చెరి 25. బొమ్మలకు భాష అక్కర్లేదు, పాఠ్యపుస్తకం అక్కర్లేదు, కాబట్టి ఏ బడిలో చదివినా పుట్టుతెలివి బయటపడుతుందన్నది ఈ విభాగం వెనక ఉన్న నమ్మకం. జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. ఏటా అవే పది రకాలు వస్తాయి కాబట్టి అభ్యాసంతో బాగా మెరుగుపడేది ఇదే విభాగం. ఐదో తరగతి లెక్కలు ఏ పల్లె బడిలోనైనా ఎంతో కొంత చెబుతారు. మడిచిన కాగితం ప్రశ్న మాత్రం బడి పుస్తకాల్లో ఉండదు. అది గైడులో ఉంటుంది, కోచింగ్ సెంటర్లో ఉంటుంది. ఆరునెలలు రోజుకు వంద బొమ్మలు చూసిన పిల్లవాడికీ, హాలులో మొదటిసారి చూసిన పిల్లవాడికీ మధ్య ఒక్కో ప్రశ్నకు ఉన్న తొంభై సెకన్లలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పదేళ్ల పిల్లల పరీక్షకు రాయలసీమ పట్టణాల్లో హాస్టల్ వసతితో కోచింగ్ నడుస్తోందంటేనే, ఈ పరీక్ష ఎంత నేర్పించదగినదో ఆ వ్యాపారం చెబుతోంది.

అయినా 60 సీట్లు పల్లెలకు ఉన్నాయి కదా అన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ గ్రామీణ అభ్యర్థి అంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలోని ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలో పూర్తిగా చదివినవాడు. అతని ఇంటి ఆదాయం ఎవరూ అడగరు. బడి ప్రైవేటుదా ప్రభుత్వానిదా అన్నదీ లెక్కలోకి రాదు. పట్టణం అంటే 2011 జనగణన పట్టణంగా చెప్పిన చోటు, లేదా ఆ తర్వాత ప్రభుత్వం ప్రకటించిన చోటు. ఈ పదిహేనేళ్లలో కర్నూలు, అనంతపురం, కడప ఎంత పెరిగాయో తెలిసినవారికి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. ఊరి చివర లేఅవుట్లో, పంచాయతీ పరిధిలో కట్టిన ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడికి పట్నం నుంచి బస్సులో వెళ్లి చదివిన పిల్లవాడు కాగితం మీద పల్లె పిల్లవాడే. కోసిగిలో ఏకోపాధ్యాయ బడి పిల్లవాడూ పల్లె పిల్లవాడే. ఇద్దరికీ ఒకే కోటా, ఒకే కటాఫ్.

చిరునామా మార్చి లబ్ధి పొందకుండా ఇదే నియమావళిలో ఒక గట్టి కట్టుబాటు కూడా ఉంది. ఈ మూడు తరగతుల్లో పట్టణ ప్రాంతపు బడిలో ఒక్కరోజు చదివినా ఆ విద్యార్థి పట్టణ అభ్యర్థే. అలాగే ఏ జిల్లా నవోదయకు దరఖాస్తు పెడుతున్నారో ఆ జిల్లాలోనే ఐదో తరగతి చదువుతూ ఉండాలి. ఉద్దేశం మంచిదే. కానీ కదిరి వైపు నుంచి బెంగళూరుకు కట్టడం పనికి పోయిన కుటుంబం పిల్లను నాలుగో తరగతిలో కొన్నాళ్లు అక్కడి బడిలో కూర్చోబెట్టి, తిరిగి ఊరికి వచ్చి చేర్చిందనుకుందాం. ఆ పిల్ల గ్రామీణ కోటా పోగొట్టుకుంటుంది. లేఅవుట్ బడి పిల్లవాడికి ఏమీ కాదు, అతను కదల్లేదు. మోసాన్ని ఆపడానికి పెట్టిన నియమం వలసపోయిన కూలీ బిడ్డను పట్టుకుంటోంది.

వలస గురించి మాట్లాడితే క్యాలెండర్ కూడా చూడాలి. దసరా, దీపావళి దాటాక కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం చుట్టుపక్కల ఊళ్లు సుగ్గికి, అంటే కోతల కూలి వలసకు, కదులుతాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పిల్లాజెల్లాతో వెళ్లిన కుటుంబాలు తిరిగి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. నవోదయ పరీక్ష 2025లో జనవరి 18న జరిగింది. ఆ మరుసటి విద్యాసంవత్సరం కోసం 2025 డిసెంబరు 13న పెట్టారు. రెండు తేదీలూ సుగ్గి మధ్యలోనే. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉన్న మండలాల పిల్లలు ఊళ్లో లేని నెలల్లో, వాళ్ల పక్కనే ఉన్న బనవాసి బడికి పరీక్ష జరుగుతోంది. దేశమంతటికీ ఒకే తేదీ కాబట్టి దీన్ని ఎవరో కావాలని చేశారనడానికి లేదు. కానీ ప్రవేశ విధానం అంటే రిజర్వేషన్ శాతాలు మాత్రమే అనుకునేవారు పరీక్ష తేదీని కూడా అందులో చేర్చి చూడాలి. వలస వెళ్లినవారి పిల్లల్ని ఊళ్లోనే ఉంచడానికి నడిపే సీజనల్ హాస్టళ్లు సమయానికి తెరుచుకుంటే ఆ పిల్లలు పరీక్ష రాస్తారు, లేకుంటే మిరప తోటలో ఉంటారు. హాస్టల్ ఎప్పుడు తెరిచారన్నది మెరిట్ లిస్టులో ఎక్కడా కనిపించదు.

పరీక్షకు రాని పిల్లల విషయంలో ఒక మంచి ఉదాహరణ అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ కౌంటీది. అక్కడ ప్రతిభావంతుల తరగతులకు పిల్లల్ని మామూలుగా తల్లిదండ్రులో ఉపాధ్యాయులో సూచించేవారు. 2005లో ఆ పద్ధతికి తోడు రెండో తరగతి పిల్లలందరికీ తప్పనిసరిగా ప్రాథమిక పరీక్ష పెట్టారు. పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల్లో అర్హులుగా తేలినవారి సంఖ్య బాగా పెరిగిందని డేవిడ్ కార్డ్, లారా గిలియానో అనే ఆర్థికవేత్తల అధ్యయనం 2016లో చూపించింది. ఆ పిల్లలు అంతకుముందూ ఉన్నారు, వాళ్ల పేరు ఎవరూ చెప్పలేదంతే. మన దగ్గర దరఖాస్తు ఉచితమే కానీ హెచ్‌ఎం సంతకంతో స్టడీ సర్టిఫికెట్, ఆధార్, ఫొటో, నెట్ సెంటర్‌కు ఒకరోజు కూలి పోగొట్టుకుని వెళ్లడం, ఇవన్నీ కలిపితే అది పూర్తిగా ఉచితమేమీ కాదు. ప్రభుత్వ బడుల్లోని ఐదో తరగతి పిల్లల వివరాలన్నీ విద్యాశాఖ దగ్గర ఆన్‌లైన్లోనే ఉన్నాయి. అందరినీ నేరుగా నమోదు చేసి, వద్దనుకున్నవాళ్లను తప్పుకోనిస్తే సరిపోతుంది.

లక్ష రూపాయల గీత, లాటరీ చీటీ

పేద పల్లె పిల్లల్ని ఏరి ఒకచోట చదివించాలన్న ఆలోచన తెలుగు నేలకు నవోదయల కంటే పాతది. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది కోస్తాలో తాడికొండ, సీమలో హిందూపురం దగ్గర కొడిగెనహళ్లి వచ్చాయి. కొడిగెనహళ్లిలో చదివి పెద్ద ఉద్యోగాలకు వెళ్లినవారి గురించి అనంతపురం జిల్లాలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ గొప్పలో ఒక భాగం బడిది, ఒక భాగం ఏరికలోనిది. జిల్లాల నుంచి ఏరుకొచ్చిన పిల్లలు ఎక్కడున్నా కొంత రాణిస్తారు. వాళ్లు వెళ్లిపోయిన హైస్కూలు సంగతి ఈ లెక్కలో ఎప్పుడూ రాదు.

ఈ గురుకులాల్లో ప్రవేశానికి రెండు జల్లెళ్లున్నాయి. ఒకటి ప్రవేశ పరీక్ష. రెండోది ఆదాయం: ఇటీవలి నోటిఫికేషన్లలో కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయలు మించకూడదు. ఈ రెండో జల్లెడను కాస్త లెక్కేసి చూడాలి. భార్యాభర్తలిద్దరూ రోజుకు 300 కూలితో ఏడాదికి 200 రోజులు పనిచేస్తే 1,20,000 అవుతుంది. అంటే నిజం చెబితే భూమిలేని కూలీ కుటుంబమే గీత దాటిపోతుంది. కాబట్టి ఎవరూ నిజం చెప్పరు, అడిగేవారూ ఆశించరు. నెలకు ఎనిమిది వేలు సంపాదించేవాడిదీ ముప్పై వేలు సంపాదించే చిన్న వ్యాపారిదీ ధ్రువపత్రంలో ఒకటే అంకె. గీత మరీ కింద గీస్తే అది ఎవరినీ వేరుచేయదు. తర్వాత మిగిలేది మళ్లీ పరీక్షే.

కొవిడ్ రోజుల్లో ఆ పరీక్ష కూడా పెట్టలేక గురుకులాల ఐదో తరగతి సీట్లను లాటరీతో నింపారు. చాలామంది తల్లిదండ్రులకు అది అన్యాయంగా అనిపించింది, కష్టపడి చదివించిన పిల్లకు చీటీ రాకపోతే బాధ ఉంటుంది. అయితే చట్టం మాట వేరుగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒక పిల్లను కాదని మరో పిల్లను చేర్చుకోవడానికి వాడే, లాటరీలాంటి యాదృచ్ఛిక పద్ధతి కాని, ఏ పద్ధతైనా వడపోతే. ఎలిమెంటరీ తరగతుల్లో వడపోతను ఆ చట్టం నిషేధించింది. నవోదయలను చట్టమే ప్రత్యేక కేటగిరీగా చూసింది, ఆ తర్వాత కేంద్ర మార్గదర్శకాలతో వాటికి వెసులుబాటు వచ్చింది. చట్టం దృష్టిలో చిన్నపిల్లల విషయంలో చీటీ తీయడం మామూలు సంగతి, పరీక్ష మినహాయింపు. జనం మనసులో ఇది తలకిందులుగా ఉంది.

లాటరీని పూర్తిగా వెనకేసుకు రావడం కూడా కష్టమే. దరఖాస్తు పెట్టినవారి మధ్య అది సమానంగా పంచుతుంది, పెట్టనివారి సంగతి దానికి తెలియదు. పదివేలమందిలో ఏడువేలమంది బాగా నడిచే బడుల నుంచి వస్తే చీటీల్లోనూ పదింట ఏడు వాళ్లవే అవుతాయి.

కస్తూర్బా విద్యాలయాలది మరో దారి. 2004లో మహిళా అక్షరాస్యత వెనకబడిన మండలాల కోసం మొదలైన ఈ బడుల్లో ప్రతిభ ప్రసక్తే లేదు. బడి మానేసినవాళ్లు, అనాథలు, తల్లో తండ్రో ఒక్కరే ఉన్నవాళ్లు, నిరుపేదలు, ఈ అవసరాల వరసలోనే సీటు. సీమలోని ఆడపిల్లల చదువుకు ఇవి చేసిన మేలు నవోదయ కంటే ఎక్కువమందికి అందింది. అయినా ఊళ్లో గొప్పగా చెప్పుకునేది నవోదయ సీటు గురించే. ఏరి తీసుకున్న సీటుకున్న పరువు అవసరానికిచ్చిన సీటుకు లేదు.

ఇడుపులపాయ కలిపే నాలుగు శాతం

వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో ఉన్న ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ, 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగం. పదో తరగతి తర్వాత ఇంటర్‌లాంటి రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ హైస్కూళ్లలో చదివినవారికి వెనకబాటు స్కోరు పేరుతో కొంత కలుపుతారు. గ్రేడ్లు ఉన్న రోజుల్లో పది పాయింట్ల మీద 0.4 కలిపేవారు, మార్కులు తిరిగొచ్చాక 4 శాతం అయింది.

మిగతా అన్ని పద్ధతుల కంటే ఇది మెరుగు అనడానికి గట్టి కారణాలున్నాయి. మొదటిది వయసు. పదేళ్లకు పెట్టే పరీక్ష ఎక్కువగా ఇంటిని కొలుస్తుంది. పదిహేనేళ్లకు వచ్చే మార్కుల్లో పిల్ల సొంత శ్రమ పాలు ఎక్కువ. రెండోది, ఇక్కడ కలిపేది చిరునామాను బట్టి కాదు, బడిని బట్టి. బడి రికార్డు ఏళ్లపాటు ఉంటుంది, హాజరుపట్టీ ఉంటుంది, దాన్ని తారుమారు చేయడం ఆదాయ ధ్రువపత్రమంత తేలిక కాదు. పైగా మంచి ఇళ్ల పిల్లలు కూడా ఈ సీటు కోసం జిల్లా పరిషత్ బడిలోనే ఉంటే, ఆ బడికది నష్టమేమీ కాదు. మూడోది, అందరూ ఎలాగూ రాసే పరీక్షే కాబట్టి దరఖాస్తుకు ముందే ఎవరూ జారిపోరు. దీనికోసం ప్రత్యేకంగా కోచింగ్ అక్కర్లేదు.

మరి 4 శాతం సరిపోతుందా? 600 మార్కుల మీద అది 24కు మించదు. గ్రేడ్ల రోజుల్లో 9.6 తెచ్చుకున్న జిల్లా పరిషత్ విద్యార్థి, ప్రైవేటు బడిలో పదికి పది తెచ్చుకున్న విద్యార్థి ఒకే గీత మీద నిలబడేవారు. పదికి పది తెచ్చుకున్నవారు గుట్టలుగా ఉండటంతో చివరికి లెక్కల గ్రేడు, సైన్స్ గ్రేడు, పుట్టినతేదీ దాకా వెళ్లి తేల్చాల్సి వచ్చేది. ఉదయం ఐదింటికి లేపి రాత్రి పది దాకా చదివించే రెసిడెన్షియల్ ప్రైవేటు బడికీ, లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉన్న హైస్కూలుకూ మధ్య తేడా 24 మార్కులా, 60 మార్కులా అన్నది ఊహతో చెప్పేది కాదు. సీటు వచ్చిన పిల్లలు ఆరేళ్లలో ఎలా చదివారో విశ్వవిద్యాలయం దగ్గరే లెక్క ఉంటుంది. కలిపిన మార్కులతో వచ్చినవారు పీయూసీలో మిగతావారితో సమానంగా నిలిస్తే కలపాల్సింది ఇంకొంచెం ఉందని అర్థం. మొదటి ఏడాదే కుప్పగా వెనకబడితే ఆగాలి. 4 అనే అంకెను పవిత్రంగా చూడాల్సిన పనిలేదు.

పదో తరగతి మార్కుల మీద నమ్మకం కూడా ఒక సమస్యే. 2022లో పరీక్షలు జరుగుతుండగానే ప్రశ్నపత్రాల ఫొటోలు వాట్సాప్‌లో తిరిగి, ఉపాధ్యాయుల మీద కేసులు పడ్డాయి. కొన్ని కేంద్రాల్లో చూసీచూడనట్టు పోయే ఇన్విజిలేషన్ ఉంటే నిజాయితీగా జరిగిన కేంద్రంలో రాసిన పిల్ల నష్టపోతుంది. కొవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయిన 2020, 2021ల్లో ట్రిపుల్ ఐటీలకు ప్రత్యేక ప్రవేశ పరీక్ష పెట్టి, ఆ తర్వాత మళ్లీ మార్కులకే వచ్చారు. రావడమే మంచిదైంది. ప్రత్యేక పరీక్ష మరో రెండేళ్లు సాగితే ఇడుపులపాయ కోచింగ్ కూడా హాస్టళ్లతో సహా వెలిసేది.

పోటీలో ఎవరిని నిలబెట్టాలన్నదానికి మరింత సూటి ఉదాహరణ జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్. ఎనిమిదో తరగతిలో రాసే ఈ పరీక్షలోనూ మేధాశక్తి ప్రశ్నలుంటాయి, గైడ్లు ఉంటాయి. అయితే ప్రైవేటు బడులవారికి, నవోదయల వంటి రెసిడెన్షియల్ బడులవారికి అర్హత లేదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. పరీక్ష తీరు మారలేదు, హాలులో కూర్చున్నవారు మారారు. మామూలు జిల్లా పరిషత్ బడుల టీచర్లు సాయంత్రాలు కూర్చోబెట్టి పిల్లల్ని సిద్ధం చేయడం సీమలో చాలాచోట్ల కనిపిస్తుంది, ఎందుకంటే తమ పిల్లకు నిజంగా వస్తుందన్న ఆశ వాళ్లకుంది. నవోదయ విషయంలో ఆ ఆశ చాలా బడుల్లో ఎప్పుడో పోయింది.

వర్జీనియాలో మనవాళ్ల గొడవ

ఇదే తగవు అమెరికాలో కోర్టులకెక్కింది. అక్కడ తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఉత్తర వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ నడిపే థామస్ జెఫర్సన్ హైస్కూలు పేరున్న ప్రభుత్వ సైన్స్ బడి. 2020 దాకా ప్రవేశ పరీక్ష ఉండేది, దరఖాస్తుకు వంద డాలర్లు. ఆ ఏడాది పరీక్ష, రుసుము రెండూ తీసేశారు. ప్రతి ప్రభుత్వ మిడిల్ స్కూల్లో ఎనిమిదో తరగతి విద్యార్థుల సంఖ్యలో 1.5 శాతం సీట్లు ఆ స్కూలు పిల్లలకే కేటాయించి, మిగతావి అందరికీ వదిలారు. పేదరికం, ఇంగ్లిష్ ఇంటిభాష కాకపోవడం వంటివాటికి అదనపు విలువ ఇచ్చారు. జాతి పేరు మాత్రం ఎంపికచేసేవారికి కనిపించదు.

కొత్త పద్ధతిలో చేరిన మొదటి బ్యాచ్‌లో ఆసియా సంతతి పిల్లల వాటా 73 శాతం నుంచి 54కు తగ్గింది. పేద కుటుంబాల పిల్లల వాటా ఒక శాతంలోపు నుంచి 25కు పెరిగింది. తల్లిదండ్రుల సంఘం ఒకటి దావా వేసింది. 2022లో కింది కోర్టు వారి వైపు మొగ్గితే, 2023 మేలో అప్పీలు కోర్టు బడి బోర్డు వైపు తీర్పిచ్చింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది.

ఆ గొడవలో రెండు విషయాలు సీమకు పనికొస్తాయి. మొదటిది, జాతి గురించి ఒక్క మాట లేకుండానే, పరీక్షకు బదులు బడిని లెక్కలోకి తేవడంతో లోపలికి వచ్చేవారు ఇంతగా మారారు. రెండోది, తప్పు ఆసియా పిల్లలది కాదు. వాళ్లు అప్పటి నియమాన్ని నమ్మి ఏళ్లపాటు కష్టపడ్డారు, నెలల వ్యవధిలో నియమం మారింది. మార్పు సబబైనదే అయినా తొందరగా, సరైన చర్చ లేకుండా చేశారన్న విమర్శకు కింది కోర్టు తీర్పులోనూ చోటు దొరికింది. కడపలో పిల్లను మూడేళ్లుగా నవోదయకు తయారు చేస్తున్న చిన్న ఉద్యోగి కూడా అదే మాట అంటాడు, దాన్ని అసూయగా కొట్టిపారేయడం కుదరదు. షికాగోలో మరో పద్ధతి ఉంది. ఎంపిక చేసే హైస్కూళ్లలో 30 శాతం సీట్లు అందరి మధ్య ర్యాంకును బట్టి ఇచ్చి, మిగతా 70 శాతాన్ని ప్రాంతాల ఆర్థిక స్థితిని బట్టి నాలుగు అంచెలుగా చేసి, ఏ అంచెలోవారికి ఆ అంచెలోనే పోటీ పెడతారు.

మండలానికో సీటు అంటే

నవోదయకు ఈ లెక్క వేసి చూడొచ్చు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో మండలాలు 54. గ్రామీణ సీట్లు 60. మండలానికి ఒకటి చొప్పున ఇస్తే ఆరు మిగులుతాయి. ఉమ్మడి అనంతపురంలో మండలాలు 63, అంటే సీట్లే చాలవు. లెక్క సూటిగా కుదరదు. కానీ మండలాలను అక్షరాస్యత, వలస, టీచర్ల ఖాళీలను బట్టి నాలుగు గుంపులు చేసి, గ్రామీణ సీట్లలో సగం ఆ గుంపుల్లోనే పోటీకి పెట్టి, మిగతా సగం జిల్లా ర్యాంకుకు వదిలితే కుదురుతుంది. అప్పుడు కోసిగి పిల్ల పోటీ పడేది కౌతాళం, హొళగుంద పిల్లలతో. నంద్యాల శివారు ప్రైవేటు బడి పిల్లతో కాదు. రిజర్వేషన్ల శాతాలు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. గ్రామీణ కోటాలో కనీసం కొంత భాగానికి ఊరి పేరుతో పాటు ప్రభుత్వ బడిలో మూడేళ్లు చదివి ఉండాలన్న షరతు చేరిస్తే, లేఅవుట్ బడి సమస్య చాలావరకు పోతుంది. ఆ ఒక్కరోజు నియమానికి, వలస కార్డు లేదా సీజనల్ హాస్టల్ రికార్డు ఉన్న పిల్లలకు మినహాయింపు ఇవ్వడం ఒక పేరా సవరణతో అయ్యే పని.

దీనికి వచ్చే పెద్ద అభ్యంతరం తెలిసిందే: తక్కువ మార్కులవాళ్లను తెస్తే బడి ప్రమాణం పడిపోతుంది. నవోదయ విషయంలో ఈ భయానికి ఆధారం బలహీనం. అక్కడ పిల్ల ఏడేళ్లు ఉంటుంది. తిండి, పుస్తకం, టీచరు, రాత్రి చదువు అన్నీ బడే చూసుకుంటుంది. ఐదో తరగతిలో బొమ్మల ప్రశ్నల్లో పది మార్కులు తగ్గిన పిల్ల ఏడేళ్ల తర్వాత కూడా ఆ పది మార్కుల వెనకే ఉంటే, లోపం పిల్లలో కంటే బడిలోనే వెతకాలి. రెండేళ్ల పీయూసీ తర్వాత వెంటనే ఫలితం చూపాల్సిన చోట ఈ వాదన ఇంత సులభంగా నిలవదు, ఇడుపులపాయలో జాగ్రత్తగా అంకె పెంచాలనడం అందుకే.

ఇంకో అభ్యంతరం పైకి వినపడదు కానీ అసలైనది. మండలాల గుంపులు చేస్తే ప్రతి ఏటా కొందరు పిల్లలు, జిల్లా ర్యాంకులో పైన ఉండి కూడా, సీటు కోల్పోతారు. వాళ్లలో పేదలూ ఉంటారు. డోన్‌లో హమాలీ కొడుక్కి కౌతాళంలో చిన్న రైతు కూతురి కంటే ఐదు మార్కులు ఎక్కువ వచ్చి సీటు రాకపోతే, ఆ తండ్రికి చూపించడానికి కాగితం మీద లెక్క ఉండాలి. ఇప్పుడైతే ఫలితాల జాబితాలో రోల్ నంబర్లు ఉంటాయి. ఏ మండలం నుంచి ఎందరు రాశారు, ఎందరికి వచ్చింది, ప్రభుత్వ బడుల నుంచి ఎందరు, ప్రైవేటు నుంచి ఎందరు అన్న పట్టిక జిల్లావారీగా ఆ జాబితాతో పాటు అచ్చయి రాదు. దరఖాస్తులోనే బడి పేరు, మండలం, తరగతుల వివరాలు ఉంటాయి కాబట్టి ఆ పట్టిక వేయడానికి కొత్తగా ఏ సమాచారమూ అడగక్కర్లేదు. గుంపులు చేయాలా వద్దా, చేస్తే ఎన్ని సీట్లకు, ప్రభుత్వ బడి షరతు ఎంత శాతానికి అన్న బేరం ఆ పట్టిక ముందు పెట్టుకుని చేసుకోవాల్సింది. అదీ నోటిఫికేషన్‌కు కనీసం రెండేళ్ల ముందు, ఇప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లల తల్లిదండ్రులకు తెలిసేలా.